లాకుల దగ్గర జిరాక్సు కొట్టు

తెల్లారకుండా నర్సాపురం ఎక్స్‌ప్రెస్ దిగి
ఇంటికి కూడా వెళ్ళకుండా
నా షట్టరు ముందు కూర్చున్నావంటే
అడగక్కర్లేదులే కెజియా.
చేతిలో ఆ పసుపు కాగితం చాలు.

ముందు టీ తాగు.
అద్దం వెనకావిడ నవ్విందా నవ్వలేదా,
ఏ మాటకి తలెత్తింది, ఏ మాటకి కీబోర్డు కొట్టింది,
బెజవాడ దాకా అదే నెమరేసుంటావు.
ఆపెయ్.
అయిపోయిన పరీక్షకి
రాత్రంతా జవాబులు రాస్తే మార్కులెవరేస్తారు?

ఆ కాగితం ఇలా ఇవ్వు.
మడత మీద మడత పెట్టేశావే, బస్సు టిక్కెట్టనుకున్నావా?
మూడు కాపీలు తీస్తాను. డబ్బులొద్దు.
ఒకటి ఇంట్లో. ఒకటి నీ సంచిలో.
ఒకటి ఇక్కడ, నా సొరుగులో,
వరదొస్తే మీ లంకలో బీరువాలే తేలతాయి కదా.

"కాదు" అని రాశారా ఇందులో? చదువు.
పైకి చదువు.
"ఇంకా కావాలి" అని రాశారు.
బ్యాంకు లెక్కొకటి, కాలేజీ ఉత్తరమొకటి.
మేనేజరు పదిన్నరకి గానీ రాడు,
వచ్చాక ఇంకో అరగంట ఫ్యాను కిందే ఉంటాడు.
నువ్వు పదకొండూ ఐదుకి వెళ్ళు.
పేరులో అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి,
కిందటేడు ఆచంట కుర్రాడికి
ఇంటిపేరులో ఒక్క 'హెచ్' తగ్గి
ఆర్నెల్లు పోయాయి.

ల్యాబులో మానేస్తానని చెప్పేశావా?
చెప్పకపోతే చెప్పకు.
చెప్పేస్తే ఇవాళే వెళ్ళి, నోరు జారిందండీ అను.
విమానం టిక్కెట్టు కొనకు.
స్వెట్టరు అసలే కొనకు,
పాలకొల్లు ఎండలో స్వెట్టరు పట్టుకు తిరిగితే
ఊరంతా తిరిగి నువ్వే చాటింపు వేసినట్టు.
ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటారు.
ప్రార్థనలో పెట్టండి అని కూర్చో, చాలు.
మెయిలు రోజుకి రెండుసార్లు చూడు, అరవైసార్లు కాదు.
స్పాములో కూడా చూడు.
మంచి వార్తలు ఒక్కోసారి దారి తప్పి
అక్కడే పడుంటాయి.

ఈ లాకుల తలుపులు మా నాన్న తిప్పేవాడు, తెలుసా.
పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసేసేవాడు.
ముందుది తీసేవాడు కాదు.
ఏవయ్యా, ఎంతసేపని పడవోళ్ళు అరిచేవారు.
ఆయన బీడీ కాల్చుకుంటూ
గోడ మీద నీటి గీత చూస్తూ కూర్చునేవాడు.
అటూ ఇటూ నీళ్ళు సమానం కాకుండా తీస్తే
విరిగేది పడవే అనేవాడు.
నీకు ధైర్యం చెప్పడానికి అనట్లేదు ఇది.
వెనక్కి తిరిగిన పడవలూ ఉన్నాయి మరి.

అదిగో, రేట్ల అట్ట వెనక వేలాడుతోందే,
ఆ లామినేషను కాగితం నాదే.
పద్నాలుగేళ్ళయింది.
మిషను కొన్నరోజు వేడి సరిపోయిందో లేదో చూద్దామని
చేతికందిన కాగితం పెట్టాను.
ఒక్క బుడగ రాలేదు.
వాళ్ళు కాదన్నందుకు కాదు నాకు బాధ.
ముప్ఫై రోజుల్లో మళ్ళీ అడగొచ్చని
వెనక పేజీలో ఉంది.
నేను నాలుగు నెలలు
ఎవరికీ మొహం చూపించకుండా పడుకున్నాను.
వెనక పేజీ తిప్పింది
లామినేషను చేసేటప్పుడే.

సరే, లే. ఏడున్నరైంది.
ల్యాబులో నీళ్ళ సీసాలు వరసగా ఎదురు చూస్తుంటాయి.
తెల్లమచ్చ పట్టిన చెరువు రైతు
నీ వీసా సంగతి అడగడు,
ఉప్పెంతుందమ్మా అంటాడు.
వెళ్ళి చెప్పు.

ఆగు.
నీ జేబులో పెన్ను నీలమా?
ఇదిగో, నల్లది పట్టుకెళ్ళు.
ఆ ఫారం నల్ల సిరాతోనే నింపాలట,
రెండో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.